ముందు వాటం, తర్వాతే సిమెంటు

2019 ఆగస్టులో ఒక పొద్దున పాల ప్యాకెట్ల కోసం గేటు దాకా వెళ్లిన మా అమ్మ, తిరిగి వస్తూ జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతోనే ఉంది. పడింది వీధి బురదలో కాదు, అంతకు రెండేళ్ల ముందు మంచి సిమెంటు కొని, కూలి అడిగినంత ఇచ్చి, అద్దంలా నున్నగా వేయించుకున్న మా పార్కింగ్ నేల మీదే. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఒకచోట నీళ్లు నిలిచేవి. అక్కడ పాచి పట్టింది. ఆ నేల దగ్గరుండి వేయించింది నేను.

అప్పటినుంచి ఎవరైనా ఇంటి ముందు కాంక్రీటు వేయించుకుంటున్నామంటే చాలు, ఆగి మాట్లాడకుండా ఉండలేను. నేను ఇంజినీరుని కాను. ఒకే నేలను రెండుసార్లు వేయించినదాన్ని, మొదటిసారి తప్పుగా, రెండోసారి తెలుసుకుని. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: ఇంటి ముందు నేల ఎక్కువసార్లు పాడయ్యేది సిమెంటు చాలక కాదు, నీళ్లు ఎటు పోవాలో ముందే తేల్చుకోక. నీరు పల్లమెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. మనం పల్లం ఎక్కడ పెట్టామో చూసుకోకపోయినా నీళ్లు చూసుకుంటాయి. వాటం, అంటే నీళ్లు పోయే వాలు, తేలకుండా ఒక్క బస్తా కూడా విప్పకూడదు.

మా ఇల్లు గుంటూరులో, నల్లరేగడి నేలలో, పడమర వీధిలో ఉంది. నాన్న 1996లో కట్టించారు. అప్పుడు మా ముందున్నది మట్టిరోడ్డు. దాని మీదనుంచి బేస్‌మెంటు 30 అంగుళాల ఎత్తు పెట్టిస్తే, ఇంత ఎత్తు ఎందుకు మాస్టారూ, మెట్లెక్కలేక చావాలి అన్నారట చుట్టుపక్కల వాళ్లు. వాకిలి రోడ్డుకంటే ఆరంగుళాలు ఎత్తులో ఉండేది. ఆ తర్వాత మెటల్ రోడ్డు పడింది, దాని మీద సిమెంటు రోడ్డు పడింది, కొన్నేళ్లకు దాని మీద ఇంకో పొర పడింది. ఏ ఒక్కసారీ పాతది తవ్వి తీయలేదు. నేను టేపు పెట్టి కొలిచేసరికి రోడ్డు 14 అంగుళాలు లేచింది. అంటే ఒకప్పుడు వీధికంటే ఎత్తున్న మా వాకిలి ఇప్పుడు వీధికంటే ఎనిమిది అంగుళాలు పల్లం. మన ఊళ్లలో పాత ఇళ్ల కథ చాలావరకు ఇదే. జాకీలు పెట్టి ఇళ్లకు ఇళ్లే పైకి లేపించుకుంటున్న వాళ్లను కూడా చూస్తున్నాం కదా.

ఈ లెక్క ఏదీ 2017లో నేను వేయలేదు. కాంట్రాక్టరు వచ్చాడు, చదరపు అడుగుకి రేటు చెప్పాడు, సరే అన్నాను. వాటం ఎటు పెడతారని అడిగితే, ఈశాన్యం పల్లం ఉండాలి కదమ్మా అన్నాడు. అమ్మ కూడా అవునంది. పడమర వీధి ఇంటికి ఈశాన్యం అంటే వెనక మూల. కాలువేమో ముందు, వీధిలో. అంటే వాకిట్లో పడిన ప్రతి చుక్కనీ కాలువకు దూరంగా, ఇంటి గోడవైపు తోలాం. అది పోయి గోడ మొదట్లో నిలిచేది. గోడకు లోపలివైపు మోకాలెత్తున చెమ్మ ఎక్కి పెయింటు పెచ్చులూడింది. వాస్తుని నేను కొట్టిపారేయడం లేదు, అమ్మ నమ్మకం అమ్మకుంది, ఆ నమ్మకాన్ని కాదనకుండానే చేయొచ్చని తర్వాత తెలిసింది. ముందు వాకిలి వీధి కాలువకు వాటం, వెనక పెరడు మాత్రం ఈశాన్యానికి వాటం, అక్కడ ఒక ఇంకుడు గుంత. ఒకే స్థలాన్ని రెండు భాగాలుగా చూస్తే గొడవే లేదు. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకని వాల్టా చట్టం వచ్చిన దగ్గర్నుంచీ ఇంకుడు గుంత గురించి వింటూనే ఉన్నాం కానీ, నల్లరేగడిలో నాలుగడుగుల గుంత తీసి కంకర పోస్తే అది నిండి కూర్చుంటుంది తప్ప ఇంకదు. కింద నీళ్లు పీల్చే పొర తగిలేదాకా పోవాలి, పునాదికి దూరంగా తవ్వాలి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది కాబట్టి, గోడ పక్కనే గుంత తీయడమంటే పునాదికి మనమే నీళ్లు పెట్టడం.

2022 ఫిబ్రవరిలో పాత నేల పగలగొట్టించాం. ఈసారి ఒక పెద్ద మేస్త్రిగారు దొరికారు, అరవై దాటిన మనిషి. ఆయన మొదటిరోజు పనివాళ్లను తీసుకురాలేదు. మట్టం చూడ్డానికి పారదర్శకంగా ఉండే సన్న గొట్టం ఒకటి తెచ్చారు, అందులో నీళ్లు పోసి, ఒక కొస నాకిచ్చి గుమ్మం దగ్గర పట్టుకోమన్నారు, ఇంకో కొస పట్టుకుని ఆయన గేటు, రోడ్డు, కాలువ అంచు, కాలువ అడుగు ఒక్కొక్కటే తిరిగి గోడ మీద బొగ్గుతో గీతలు గీశారు. గంట పని. ఆ గీతలు చూస్తే ఇంటి కష్టమంతా కళ్లకు కట్టింది. కాలువ అడుగు మా వాకిలికంటే ఇంకా పది అంగుళాలు కిందనే ఉంది, అంటే దారి ఉంది, మేమే మూసేసుకున్నాం.

పాత నేల పగిలిన తీరు కూడా అప్పుడే అర్థమైంది. పలక లేపితే కింద చెయ్యి దూరేంత ఖాళీ. నల్లరేగడి ఎండాకాలం కుంచించుకుపోయి బీటలు వారుతుంది, వానాకాలం ఉబ్బి పైకి తోస్తుంది. కింద ఖాళీ మీద వేలాడుతున్న పలక మీదికి కారెక్కితే అది విరగక ఏమవుతుంది? మీరు పైన ఎంత బలమైన కాంక్రీటు వేసినా మన్ను ఆడుతుంటే ఆగదు. మేస్త్రిగారు అడుగు లోతున రేగడి తీసేయించి ఎర్ర గ్రావెల్ నింపించారు. నింపడం కూడా ఒక్కసారి గుమ్మరించి పైపైన దిమ్మిస కొట్టడం కాదు, ఐదారంగుళాల పొర పరవడం, నీళ్లు చల్లడం, అద్దెకు తెచ్చిన కాంపాక్టర్, అంటే మన్నుని అదిమే మిషన్, తిప్పడం, మళ్లీ పొర. దీనితో రేగడి పూర్తిగా లొంగిపోతుందని ఆయన అనలేదు. కింది మన్ను ఏడాది పొడుగునా ఒకే తేమతో ఉంటే అంత ఆడదు, దానికి నీళ్లు పోనివ్వకుండా పైనే పంపించేయాలి అన్నారు. చివరికి మళ్లీ వాటం దగ్గరికే వచ్చాం.

మా తమ్ముడు అమెరికాలో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. ఇదంతా ఫోన్‌లో చెబుతుంటే, అక్కా మా దగ్గరా ఇదే నల్లమన్ను అన్నాడు. అక్కడ ఎండాకాలం పునాది చుట్టూ సన్న గొట్టం పరిచి మన్నుకి నీళ్లు పెడతారట, బీటలు వారి ఇల్లు కుంగకుండా. ఇంటి చుట్టూ మొదటి పదడుగుల్లో ఆరంగుళాలు వాలు ఉండాలని అక్కడి ఇళ్ల నిర్మాణ నియమాల్లోనే రాసి ఉంటుంది. వాళ్ల డ్రైవ్‌వే తిన్నగా వీధిలోకి దిగుతుంది, కర్బ్, అంటే రోడ్డు అంచు గట్టు, పక్కనే పల్లంగా కాంక్రీటు గట్టర్, నీళ్లు దాని వెంట పోయి కాలువ నోట్లో పడతాయి. అక్కడా పగుళ్లొస్తాయి, అదేం స్వర్గం కాదు. కానీ ఇంటి నీళ్లు ఎక్కడ వీధికి చేరాలో ఇల్లు కట్టకముందే ఎవరో ఒకరు గీసి పెట్టారు. మనకు లేనిది అదొక్కటే అనిపించింది.

మా కొలతలు చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. గుమ్మం నుంచి గేటుకి 30 అడుగులు, వెడల్పు 12. బయటి నేలకి అడుగుకి పావు అంగుళం వాలు ఉంటే నీళ్లు నిలవవు, నడిచేవాళ్లకు వాలు ఉన్నట్టు కూడా తెలియదు. గేటుకి నాలుగడుగుల లోపల, వాకిలికి అడ్డంగా, ఇనుప జాలీతో ఆరంగుళాల కాలువ పెట్టాం. గుమ్మం నుంచి అక్కడికి 26 అడుగులు, అంటే ఆరున్నర అంగుళాల వాలు. ఆ జాలీ దాటాక నేల మళ్లీ పైకి లేచి గేటు గీత దగ్గర రోడ్డుకంటే రెండంగుళాలు ఎత్తులో ఆగుతుంది, రోడ్డు నీళ్లు లోపలికి రాకుండా ఆ గట్టు. జాలీ కాలువ చివర చిన్న గుంట, మట్టి అందులో ఆగుతుంది, అక్కడినుంచి గొట్టం వీధి కాలువలోకి. ఆ గొట్టం కొసకి వెనక్కి రానివ్వని మూత. డాబా మీద నుంచి దిగే గొట్టాలను నేల మీద వదలకుండా విడిగా ఈ గుంటకే కలిపాం. ఎందుకంటే గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే, మా 1,200 చదరపు అడుగుల డాబా ఒక్కదాని మీద నుంచే దాదాపు 5,500 లీటర్లు దిగుతుంది. పెద్ద నీళ్ల ట్యాంకరు పట్టేన్ని నీళ్లు, ఒక్క గంటలో. అది వాకిట్లోకి వదిలి పైన ఎంత ఖరీదైన టైల్స్ వేసినా ఏం లాభం?

ఇక కాంక్రీటు సంగతి. దీంట్లో రహస్యాలేవీ లేవు, అందరికీ తెలిసినవే, ఎవరూ చేయనివే. మా వాకిట్లోకి అప్పుడప్పుడు నీళ్ల ట్యాంకరు వస్తుంది కాబట్టి ఐదంగుళాల మందం. కార్లు మాత్రమే అయితే నాలుగు చాలు. ఒక పాలు సిమెంటుకి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. ఆ పాళ్లకు బస్తా సిమెంటుకి 30 లీటర్లకు మించి నీళ్లు పోయకూడదని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456లో ఉంది, ఇసుకలో ఉన్న తడి కూడా అందులో లెక్కే. 2017లో మిల్లర్, అంటే కాంక్రీటు కలిపే మిషన్, దగ్గర కుర్రాడు పైపు పట్టుకుని కళ్లతో చూసి పోశాడు. పల్చగా ఉంటే పని తేలిక, తాపీ జారుతుంది, పైన సిమెంటు పాలు తేలి నున్నగా వస్తుంది. ఆ నునుపు చూసి మేమూ మురిశాం. ఎక్కువైన ఆ నీళ్లు తర్వాత ఎండిపోయి లోపల సన్న రంధ్రాలు మిగులుస్తాయి, పైపొర పొడిపొడిగా రాలుతుంది. కాంక్రీటుకి ఎక్కువ నీళ్లు పోయాల్సింది వేశాక, వేసేటప్పుడు కాదు. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం.

ఇనుము కూడా అంతే. మొదటిసారి ఊచలు నేల మీద పరిచి, వాటి మీద తొక్కుకుంటూ కాంక్రీటు పోశారు. పగలగొట్టినప్పుడు చూస్తే ఊచలు పలక అడుగున మట్టికి అంటుకుని తుప్పు పట్టి ఉన్నాయి. అక్కడ ఉన్నా లేనట్టే. ఈసారి ఊచలను కవర్ బ్లాకులనే చిన్న సిమెంటు దిమ్మల మీద నిలబెట్టి, పైనుంచి రెండంగుళాల లోతులో ఉండేలా చూశారు. ఇల్లు ఒకవైపు, నేల ఒకవైపు కదులుతాయి కాబట్టి గోడకీ పలకకీ మధ్య అరంగుళం థర్మోకోల్ పట్టీ పెట్టారు.

కోతల గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో దీన్ని దాదాపు ఎవరూ చేయరు. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుంటుంది, అది ఆగదు. 30 అడుగుల పలకను ఒకే ముక్కగా వేస్తే తనకు ఇష్టమైన చోట వంకరటింకరగా పగులుతుంది, అందులోకి నీళ్లు దిగి కింది మన్ను మెత్తబడుతుంది. అందుకని పగులు ఎక్కడ రావాలో మనమే చెప్పాలి. మా 26 అడుగులను మూడు ముక్కలుగా, మందంలో పావువంతు లోతున, అంటే అంగుళంపావు, మర్నాడు పొద్దున్నే మిషన్‌తో కోయించాం. ఆలస్యమైతే పగులు మనకంటే ముందే వచ్చేస్తుంది. కొత్త నేలని కోస్తున్నారేంటి అని వీధిలో వాళ్లు వచ్చి చూశారు. పగులు వచ్చింది, ఆ కోతల అడుగునే వచ్చింది, పైన ఎక్కడా లేదు. కోతల్లో నీళ్లు దిగకుండా సీలెంట్ అనే సాగే పూత నింపాం, మూడేళ్లకోసారి మళ్లీ నింపుకోవాలి.

పైన నున్నగా రుద్దొద్దన్నాను. చీపురుతో వెడల్పున గీతలు గీయించాను. చూడ్డానికి గరుకుగా ఉంది, ఊడ్చేటప్పుడు పనమ్మాయి విసుక్కుంటుంది, అయినా సరే. మా అమ్మ ఇప్పుడు వానలో కూడా గేటు దాకా నడుస్తుంది.

నీళ్లు పట్టడం పది రోజులు. ఇప్పుడు మనం కొనే సిమెంటులో ఎక్కువభాగం బూడిద కలిసిన పీపీసీ, దానికి కనీసం పది రోజులు తడి ఆరకూడదు. వాటం ఉన్న నేల మీద మళ్లు కట్టి నీళ్లు నిలపడం కుదరదు, అందుకని గోనె సంచులు పరిచి రోజుకు నాలుగైదుసార్లు తడిపాం. అంత ఖర్చు పెట్టినవాళ్లు చివర్లో ఉత్తి నీళ్ల దగ్గర పిసినారితనం చూపిస్తారు. మూడోరోజే కారెక్కించేస్తారు. మేము రెండు వారాలు కారు వీధిలోనే పెట్టుకున్నాం.

ఇప్పుడు అసలు నా గొంతు లేచే విషయానికి వస్తాను, ర్యాంపు.

పాత ర్యాంపు మా గేటు దాటి ఐదడుగులు వీధిలోకి ఉండేది, కాలువ మీదుగా, గట్టి కాంక్రీటుతో. వీధిలో అందరికీ అలాగే ఉంది. ఒకరిది ఎత్తు, ఒకరిది పొట్టి, ఒకరిది ఇంకో అడుగు ముందుకు. అది రోడ్డు జాగా, మనది కాదు. కాలువ మీద కాంక్రీటు పోసేశాక దాని కింద ఏముందో ఎవరూ చూడలేరు, పారిశుధ్య కార్మికులు పార దించే సందు కూడా ఉండదు. పగలగొట్టించిన రోజు మా ర్యాంపు కిందనుంచి తట్టలు తట్టలు తీశారు: ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బొండాలు, గట్టిపడిన మట్టి. కాలువ ముప్పావువంతు పూడిపోయి ఉంది. మాకు ఎగువన ఉన్న ఇంట్లో ఉండే పిన్నిగారు పదేళ్లుగా ప్రతి వానకీ వాకిట్లో మురుగు తోడి పోసుకునేవారు. కాలువ సరిగ్గా లేదమ్మా అనేవారు, నేనూ అవునండీ అనేదాన్ని. ఆ అడ్డం మా ఇంటి ముందే ఉంది. ఆ రోజు సాయంత్రం వెళ్లి ఆవిడకు చెప్పాను. ఆవిడ ఒక్క మాట అనలేదు, కాఫీ ఇచ్చారు. అది ఇంకా కష్టంగా ఉంది నాకు.

ఇప్పుడు మా ముందు కాలువ మీద రెండేసి అడుగుల విడి పలకలు, ప్రతి పలకకీ ఎత్తడానికి ఇనుప కొక్కెం. ఇద్దరు మనుషులు లేపగలరు. ఎత్తు తేడా అంతా గేటు లోపలే సర్దుకున్నాం కాబట్టి వీధిలోకి ఒక్క అంగుళం కూడా పొడుచుకు రాలేదు. కారు హాయిగానే ఎక్కుతుంది.

నడిచే దారి అనేది మన కాలనీల్లో ఎందుకు లేదో కూడా ఇందులోనే ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు, అంటే ఐఆర్‌సీ 103, ప్రకారం ఫుట్‌పాత్ మీద నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి, కర్బ్ 150 మిల్లీమీటర్లకు మించకూడదు. మా వీధి వెడల్పుకి రెండువైపులా అంత రాకపోవచ్చు, ఒక్కవైపైనా వస్తుంది. కానీ ఆ జాగాలో ఇంటికొక ర్యాంపు, వాటి మీద పూలకుండీలు, బైకులు. అమ్మ చేతికర్రతో నడిరోడ్డు మీద ఆటోల మధ్య నడుస్తుంది. ఫుట్‌పాత్ కట్టిన చోట కూడా కర్బ్ రాళ్లు వరసగా పేర్చి, రోడ్డు నీళ్లు కాలువలోకి దిగడానికి సందులు వదలరు. వదిలినా ఆ సందు రోడ్డుకంటే ఎత్తులో ఉంటుంది. అప్పుడు ఆ కర్బ్ నీళ్లకు కట్ట అవుతుంది, రోడ్డే చెరువవుతుంది.

ఊళ్లను ముంచే పెద్ద వరదలకు ర్యాంపులు కారణమని నేను అనను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిందంటే అది వేరే స్థాయి విషయం. దానికి ముందు ఆగస్టు 31న కురిసిన కుండపోతలో మా వీధి కాలువ కూడా నిండుగా పారింది. మా గొట్టం మూత పడిపోయింది, బయటి నీళ్లు లోపలికి రాలేదు కానీ లోపలివీ బయటికి పోలేదు. జాలీ దగ్గరనుంచి ఏడెనిమిది అడుగుల దాకా నీళ్లు నిలిచాయి. గుమ్మం వైపు రాలేదు. కాలువ తగ్గాక రెండు గంటల్లో అన్నీ దిగిపోయాయి. వీధి కాలువ ఎంత మోయగలదో అంతవరకే మన వాటం పని చేస్తుంది, దాన్ని మించి మన గేటు లోపల చేయగలిగింది లేదు.

అందుకే ఇప్పుడు టెన్షన్ పడుతున్నాను. మా వీధికి మళ్లీ సిమెంటు రోడ్డు మంజూరైందట, నాలుగంగుళాల పొర, ఉన్నదాని మీదనే. మా గేటు గట్టు రోడ్డుకంటే రెండంగుళాలే ఎత్తు. పాతది పగలగొట్టి తీసి, ఇప్పుడున్న మట్టానికే కొత్తది వేయమని 11 ఇళ్ల వాళ్లం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. పిన్నిగారే ముందు సంతకం పెట్టారు. మేస్త్రిగారిని మళ్లీ పిలిచి, ఆ గొట్టంతో వీధి మొదటినుంచి చివరిదాకా ప్రతి గేటు దగ్గరా మట్టం కొలిచి, రోడ్డు ఇంకో నాలుగంగుళాలు లేస్తే ఏ ఏ ఇళ్లు పల్లమవుతాయో కాగితం మీద గీసి అర్జీకి జత చేశాం. పదకొండింట్లో తొమ్మిది.